మా కింది వాటా క్రిమినల్ లాయరు

భాష రాని రోజుల్లో మనిషికి ఎక్కడలేని ధైర్యం ఉంటుంది. ఇప్పుడు బ్రెమెన్‌లో మీటింగులన్నీ జర్మన్‌లోనే లాగించేస్తున్నాను గానీ, క్లౌస్తాల్‌లో ఎంఎస్ చదివే రోజుల్లో నా జర్మన్ అంతా ఫోన్‌లోని డిక్షనరీయే. అది మొదట ఏ అర్థం చూపిస్తే అదే నాకు వేదం. నా రూమ్మేట్ ఒక వరంగల్ వాడు. అడిగినా అడక్కపోయినా సలహాలిస్తాడని వాణ్ణి అందరం డీన్ అనేవాళ్ళం. (జర్మన్ నాకంటే తక్కువ. నోరు మాత్రం ఎక్కువ.)

ఆ చలికాలం మేం ఎండుమిరపకాయల పోపు వేసినప్పుడల్లా పొగ అలారం మోగేది. ఓసారి ఫైరింజను కూడా వచ్చింది. దాంతో పై అంతస్తులో ఉండే ఓనరమ్మ నెలాఖరుకి గది ఖాళీ చేయమంది. ఆ మంచులో ఇంకో గది దొరకడం కల్ల. గది లేకపోతే అన్‌మెల్డుంగ్, అంటే ఊరి ఆఫీసులో అడ్రసు నమోదు, లేదు. అది లేకపోతే వీసా పొడిగింపు లేదు. నిజంగానే భయపడ్డాను. అన్నం సయించలేదు. (పోపు మానెయ్యడం కూడా ఒక కారణం.)

అప్పుడే మా పార్శిల్ ఒకటి తీసిపెట్టాడని కింది వాటాలో ఒంటరిగా ఉండే ముసలాయన దగ్గరికి వెళ్ళాం. ఆయన్ని మేం తాత అనేవాళ్ళం. నడవాలో ఫ్రేము కట్టించిన పాత హాకీ కార్డు ఉంది. ఐస్ మీద కర్ర పట్టుకుని నిలబడ్డ కుర్రాడు, తాతే. కింద "ఫెర్టైడిగర్" అని, దాని కింద "ష్ట్రాఫ్‌మినూటెన్" అని రాసి ఏదో పెద్ద అంకె. ఫోన్‌లో కొడితే ఫెర్టైడిగర్ అంటే కోర్టులో ముద్దాయి తరఫు లాయరని వచ్చింది. ష్ట్రాఫ్ అంటే శిక్ష అని, టికెట్ లేకుండా బస్సెక్కి దొరికిన డీన్‌కి ముందే తెలుసు.

"మామా, తాత లాయరు. అది గూడ క్రిమినల్ లాయరు" అన్నాడు డీన్ మెట్లెక్కుతూ.

"మరి చేతిలో హాకీ కర్రెందుకురా?"

"స్పోర్ట్స్ కోటల లా సీటొచ్చుంటది. మనకాడ రైల్వేలోళ్ళు ఆడ్తలేరా?"



మర్నాడు ఇస్త్రీ చొక్కాలేసుకుని వెళ్ళి, "మీరు ఫెర్టైడిగరా?" అని అడిగాం. "ఒకప్పుడు" అన్నాడాయన. వచ్చీరాని జర్మన్, ఇంగ్లీషు కలిపి గోడు వెళ్ళబోసుకుని, మమ్మల్ని కాపాడమన్నాను. తాత మమ్మల్ని ఎగాదిగా చూసి, చెప్పులు మార్చుకుని, నేరుగా ఓనరమ్మ దగ్గరికి నడిచాడు. ఏ సెక్షన్లు తీస్తాడోనని చెవులు రిక్కించాను. "వీళ్ళు వండేటప్పుడు నేను వచ్చి కిటికీ తెరిపిస్తాను. పూచీ నాది" అన్నాడు, అంతే. ఆవిడ "మీరన్నారు కాబట్టి సరే" అంది. గది దక్కింది.

మెట్లు దిగుతుంటే డీన్ ఉండబట్టలేక, ఏ కోర్టులో ప్రాక్టీసు చేసేవారని అడిగాడు. మా సంగతి బోధపడ్డాక తాత మెట్ల కమ్మీ పట్టుకుని నవ్వాడు. ఐస్ హాకీలో గోల్ పడకుండా అడ్డుకునేవాణ్ణీ ఫెర్టైడిగర్ అనే అంటారట. ష్ట్రాఫ్‌మినూటెన్ అంటే కొట్లాటలకి శిక్షగా బయట బెంచీ మీద కూర్చున్న నిమిషాలట. ఊరి జట్టు నుంచి పెద్ద లీగ్‌కి వెళ్ళి, ఆ కార్డు అచ్చయిన సీజన్లోనే మోకాలు పోగొట్టుకున్నాడు. తర్వాత రిటైరయ్యేదాకా ఊళ్ళో మంచు తోసే బండి నడిపాడు. ఇదంతా ఇంకెవరి గురించో చెబుతున్నట్టు చెప్పి, "మోకాలు పోయాక అడ్డుకోవడానికి నన్నెవరూ పిలవలేదు. మీరే పిలిచారు" అన్నాడు.

ఆ సాయంత్రం పప్పుకి పోపు పెడుతుంటే అన్న మాట ప్రకారం వచ్చి కిటికీ తెరిచాడు. చలికి వణుకుతూనే ముగ్గురం తిన్నాం. (కారానికి ముక్కు ఎర్రబడినా తాత మారు వడ్డించుకున్నాడు.) కాస్త జర్మన్ వచ్చి ఉంటే ఆ తలుపు తట్టేవాణ్ణే కాదు, బుద్ధిగా పెట్టె సర్దుకునేవాణ్ణి. అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కొంచెం ఈర్ష్య కూడా. ఇంత జర్మన్ నేర్చుకున్నాను గానీ, ఇప్పుడుంటున్న ఈ బిల్డింగులో మా కింది వాటాలో ఎవరుంటారో నాకు తెలియదు.