బొమ్మకు తరుగు

ఆ రోజుల్లో మా పాలకొల్లులో తూకానికి రానిదంటూ ఏదీ లేదు. బెల్లం, చింతపండు, పత్తి సరే, కొత్తగా వచ్చిన గుమాస్తా బుద్ధిని కూడా మా మావయ్య చూపుతోనే వీశెల్లోకి దించేసేవాడు. మిషన్ బడిలో లెక్కలు బాగా వచ్చినవాణ్ణని నన్ను తన బెల్లం కొట్లో కాటా దగ్గర కూర్చోబెట్టాడు. (బాగా వచ్చినవాణ్ణని నేనే చెప్పాననుకోండి.)

అలాంటి ఊళ్లోకి పడవ మీద కదిలే బొమ్మల బయస్కోపు వచ్చింది. అంతకు ముందు ఒకాయన రెండు బొమ్మలు ఆడించి, జనం సర్దుకు కూర్చునేలోగా పడవెక్కేశాడు. అందుకని ఈసారి బజారు వర్తకులంతా మా మావయ్యను పెద్దగా పెట్టి, వెయ్యి అడుగుల బొమ్మ చుట్ట ఉంటేనే ఆట అన్నారు. ఉందన్నాడు మద్రాసు నుంచి వచ్చిన ఆ బొమ్మలాయన. అయితే వీధిలో పరిచి మూరలతో కొలుస్తామన్నాడు మావయ్య. దుమ్ము పడితే గీతలు పడతాయని ఆయన రెండు చేతులూ జోడించాడు.

అప్పుడు నా బుర్ర వెలిగింది. ఆయన దగ్గర తెగిపోయిన ముక్క ఒకటి ఉంటే అడిగి కొలిచాను. సరిగ్గా ఐదడుగులు. పక్కనున్న కంసాలి త్రాసులో వేస్తే తులం తూగింది. అంటే వెయ్యి అడుగులు రెండు వందల తులాలు ఉండాలి. డబ్బాల్లోంచి చుట్టలు తీసి, ఉతికిన పంచె పరిచిన కాటా తట్టలో పెట్టి, అవతలి తట్టలో మరో పంచె వేసి తూచాను. రెండు వందల తులాలు నిక్కచ్చిగా తూగాయి. బజారంతా నన్నే చూస్తోంది. ఛాతీ ఉబ్బిందంటే ఉబ్బదా మరి?

"తరుగు తీశావా?" అన్నాడు మావయ్య.

కొత్త బెల్లానికి చెమ్మ ఉంటుంది కాబట్టి మణుగుకి వీశె, అంటే ఎనిమిదో వంతు, తరుగు తీయడం మా కొట్టు ఆచారం. ఆ లెక్కన బొమ్మ నూట పాతిక అడుగులు తక్కువ. ఆట లేదన్నాడు మావయ్య.

"ఇది బెల్లం కాదండీ," అన్నాడు బొమ్మలాయన.

"ఏ సరుకైనా ఎండితే తగ్గుతుందండి. రేపు మా కొట్టు మాట ఏం కావాలి?"

అప్పటిదాకా మావయ్యకు ఎదురు చెప్పి ఎరగను. ఆ రోజు ఎక్కణ్ణుంచి వచ్చిందో ధైర్యం! "మావయ్యా, ఆ ముక్క కూడా ఇదే సరుకు కదా. చెమ్మ ఉంటే దాన్లోనూ ఉంటుంది. తీస్తే రెండింట్లోనూ తీయాలి. అప్పుడూ వెయ్యి అడుగులే వస్తుంది," అన్నాను.

కంసాలి తలాడించాడు. మావయ్య మీసం దువ్వి, "సరే, ఆడించండి. రేప్పొద్దున్న మళ్లీ తూస్తాను. తగ్గిందో, నువ్వు కాటా దగ్గర కనబడకూడదు," అన్నాడు.

తెర మీద రైలు వచ్చిందట, సముద్రం పొంగిందట, ఆడవాళ్లు చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకున్నారట. నేను చూస్తేగా! దీపం వేడికి బొమ్మ ఎండిపోతోందేమోనని నా కళ్లు చుట్టల మీదే ఉన్నాయి.

పొద్దున్నే మావయ్య స్వయంగా తూచాడు. తట్టలు మార్చి మళ్లీ తూచాడు. అవే రెండు వందల తులాలు. కాటా వంకే చూస్తూ, "ఊరంతా చూసిందిరా. తులం కూడా తగ్గలేదేంటి?" అన్నాడు మెల్లగా. జీవితమంతా కరిగే సరుకు, పురుగు పట్టే సరుకు అమ్ముకున్న మనిషి. బొమ్మలాయనతో, "ఇలాంటి సరుకు మా చేతికి ఎప్పుడూ రాలేదండి," అన్నాడు. ఆ తరువాత నా తూకం మీద మళ్లీ తూచలేదు. ఇంకో రెండేళ్లకు పిల్లనీ ఇచ్చాడు.

ఇప్పుడు ఇంటికెవరొచ్చినా ఈ కథ చెబుతాను. చెప్పడం అయ్యీ అవగానే వంటింట్లోంచి మావయ్య కూతురు, "ఆయన మాటల్లో మణుగుకి వీశె తరుగు తీసుకోండి," అంటుంది. అచ్చం మావయ్య గొంతే. అది వినడానికే మళ్లీ మళ్లీ చెబుతున్నానని దానికి ఇంకా తెలియదు.