అత్త మాటలు, మోటారు మోత

వైశాలి నగర్‌లో ఒక పళ్ల డాక్టరు దగ్గర కౌంటరులో కూర్చునే జూడీ, సెలవు రోజుల్లో పాటలు కట్టేది. అవి పాటలంటే ఎవరూ ఒప్పుకునేవారు కాదు. రాగం ఉండదు. బోరు మోటారు మోత, రేకుల మీద వాన, తలుపు గడియ చప్పుడు ఫోన్లో పట్టుకొచ్చి, కంప్యూటర్లో సాగదీసి, వాటిమీద మాటలు చదివేది. ఉక్కు ప్లాంటులో క్రేన్ నడిపే వాళ్ల నాన్న కొర్నేలి ఒకసారి విని, మిషను పాడైందా అని అడిగి ఊరుకున్నాడు.

ఆ మాటల్లో సగం ఆమె మేనత్త విమలకుమారివే. సిటీ బయట ఉతై అనే ఊరు దాటాక పొలాల మధ్య రేకుల ఇంట్లో ఆవిడ ఒక్కతే ఉంటుంది. భర్త పోయినా ఆ ఎకరం వదిలి రానంది. చుట్టుపక్కల అంతా హిందీయే, తెలుగు మాట్లాడే మనిషి లేడు. అందుకే పోయిన వేసవిలో జూడీ వెళ్లినప్పుడు, కందులు చెరుగుతూ అంతకు ముందటి వానల్లో పడ్డ జ్వరం సంగతంతా అడక్కుండానే చెప్పుకొచ్చింది. పక్కన ఫోను ఆ మాటలన్నీ రికార్డు చేస్తోందని జూడీ చెప్పలేదు.

“పదకొండు రోజులు జొరం. బైట వాన. ఫోను సచ్చిపోయింది. మడిసి మొకం నేదు. నా గొంతుందో పోయిందో తెలీక, మోటారేసి దాంతో మాటాడీదాన్ని. కొర్నేలి వస్తాడు, వస్తాడు అనుకున్నాను. రానేదు.”

జూడీ దాంతో పన్నెండు నిమిషాల ముక్క కట్టింది. ప్లాంటు క్వార్టర్లుండే సెక్టారులో ఒక చిన్న హాల్లో ఆదివారం సాయంత్రం వినిపించమని పిలిచారు. నాన్న తనూ వస్తానన్నాడు. ఆ వారంలో జూడీ పేషెంట్ల టైములు రెండుసార్లు తారుమారు చేసి డాక్టరు చేత మాటపడింది. కొర్నేలి రాలేదన్న ఆ మాట తీసేస్తే ముక్కలో ప్రాణం ఉండదు. ఉంచితే నలుగురిలో నాన్నకు తలవంపు. అసలు రికార్డు చేసిన సంగతే అత్తకు తెలియదు.

శనివారం ఒక పూట సెలవు పెట్టి స్కూటీ మీద ఉతై వెళ్లింది. ఇయర్‌ఫోన్లు అత్త చెవుల్లో పెట్టింది. ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని చివరిదాకా విని, లేచి మేకల్ని కట్టెయ్యడానికి వెళ్లిపోయింది. జూడీ వెనకాలే వెళ్లి తప్పయిపోయిందని గొణిగింది.

“దొంగతనంగా పట్టీసినావు,” అంది అత్త. రెండో మేకని కట్టాక మళ్లీ అంది. “ఆ మోత మాత్రం అచ్చం అలాగే ఉండీది. ఉండనీ. తమ్ముడి పేరు తీసీ.”

జూడీ ముక్కలోంచి నాన్న పేరు తీసేసింది.

హాల్లో ముప్పై కుర్చీలు, సగం ఖాళీ. కొర్నేలి తన తోటి ఉద్యోగి శంకరరావుతో రెండో వరసలో కూర్చున్నాడు. మోటారు మోత మొదలవగానే శంకరరావు చెవులు మూసుకుని నవ్వాడు. కాసేపటికి నవ్వడం మానేశాడు. అత్త మాటల నడుమ జూడీ తన హిందీ వాక్యాలు చదువుతోంది. ‘రానేదు’ అన్న మాట రాగానే కొర్నేలి లేచి బయటికి నడిచాడు. ఇంకా నాలుగు నిమిషాలుంది. జూడీ చదవడం ఆపలేదు.

ముగించి పరుగున బయటికి వస్తే, నాన్న స్కూటరు దగ్గర నిలబడి ఉన్నాడు.

“‘వస్తాడు’కి ముందు నా పేరుండాల. తీసీసినావు గదా,” అన్నాడు.

“అత్తే తీసెయ్యమంది.”

“ఫోను సచ్చిపోకముందే, జొరమని అక్క నాకు చెప్పింది. సెలవివ్వనేదని తర్వాత అక్కకి చెప్పేను. నాను సెలవడగనే నేదు. మర్చిపోనాను, జూడీ. గుర్తొచ్చీసరికి పది రోజులు దాటిపోనాయి. ఇంక ఏ మొకం పెట్టుకుని ఎళ్తాను?”

“ఔర్ కబ్? ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు వెళ్తావ్, నాన్నా?” అని అడిగింది.

తరవాతి ఆదివారం చర్చి మానేసి ఉతై వెళ్లాడు. గంటసేపు అక్క మంచినీళ్లయినా ఇవ్వలేదని తిరిగొచ్చి చెప్పాడు. ఇప్పుడు వీక్లీ ఆఫ్ వస్తే అక్కడికే పోతాడు.

ఈ ఏడు వానలు పట్టాయి. రెండు రింగుల్లో అత్త ఫోనెత్తకపోతే జూడీ కౌంటరు వదిలి వరండాలోకి వచ్చి మళ్లీ చేస్తుంది. చాలాసార్లు ఆవిడ మేకల దగ్గరే ఉంటుంది. అది తెలిసినా, గొంతు వినపడేదాకా జూడీ లోపలికి వెళ్లదు.