బ్రిడ్జి దగ్గర ఆగిపోయాం

మడివాళలో వచ్చీరాని కన్నడంలో దారి చెప్పి ఆటో ఎక్కాను. ఒళ్లో గిటార్, ఫోన్ స్పీకర్లో విజయవాడ నుంచి మా సుబ్బు. మా కొత్త పాటలో కోరస్‌కి గిటార్ కార్డ్స్ కుదిరాయి. రెండు కోరస్‌లను కలిపే ముక్క, బ్రిడ్జి, కుదరడం లేదు.

“బ్రిడ్జి దగ్గరే ఆగిపోయాంరా. పైకి వెళ్దామా, కిందే ఉందామా?” అన్నాను.

డ్రైవరు అద్దంలో చూశాడు. “పైన వద్దప్పా. ఎక్కితే మళ్లా దిగేకి కాదు. కిందనే పోదాం.”

ఆయనకు తెలుగొచ్చన్న ఆశ్చర్యం తీరేలోపే, చెప్పింది ఎదురుగా ఉన్న ఫ్లైఓవర్ గురించని అర్థమైంది. సుబ్బుకి మాత్రం కాలేదు.

“ఎవర్రా ఆ మాస్టారు? నిజమే, పై స్థాయికి వెళ్తే మళ్లీ కోరస్‌లోకి దిగలేం” అంటూ బ్రిడ్జికి కింది కార్డ్సే ఖాయం చేశాడు.

పాట అక్కడికక్కడే పూర్తయింది. ఆటో మాత్రం ఇంకా బ్రిడ్జి కిందే ఉంది.