మా నాయనమ్మ తీర్పు

నా చిన్నప్పుడు మా అమ్మ నెలలో సగం రోజులు వసారాలో చాప మీదే గడిపేది. వన్ టౌన్‌లో మాది ఇరుకిల్లే గానీ, మా నాయనమ్మ మడి మాత్రం మహా విశాలం. ముట్టయిన మనిషి వంటింటి గడప తొక్కకూడదు. అమ్మకేమో రక్తస్రావం ఒక పట్టాన ఆగేది కాదు. మొహం పాలిపోయి, నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకునేది. గర్భసంచి తీయించెయ్యమని చుట్టాలు తలో మాటా అనేవారు. నా తర్వాత ఇంకో బిడ్డ కావాలని అమ్మ ఆశ. ఆపరేషన్ మాట విన్నప్పుడల్లా కొంగు నోట కుక్కుకుని ఏడ్చేది.

నాయనమ్మకు అశోక చెక్క కషాయమంటే గొప్ప గురి. గవర్నర్‌పేటలో లేడీ డాక్టరు గారేమో మాత్రలు ఇచ్చారు. అత్తగారి మనసు నొప్పించలేక కషాయం, డాక్టరమ్మ కోప్పడుతుందని మాత్రలు, పిచ్చి తల్లి రెండూ మింగింది. కాస్త తగ్గింది. దేనివల్ల తగ్గిందో ఆ కనకదుర్గమ్మకే తెలియాలి! నాయనమ్మ మాత్రం తన కషాయం మహిమేనంది.

మళ్లీ ముగ్గురం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు అమ్మ తలొంచుకుని నిజం చెప్పేసింది. నాయనమ్మకు చీవాట్లు తప్పవనుకున్నాను. డాక్టరమ్మ ఆవిణ్ణి కూర్చోబెట్టి నెమ్మదిగా అన్నారు: “రెండూ కలిపేస్తే ఏది పనిచేసిందో నాకూ తెలీదు మామ్మగారూ. ఈ నెల మీ కషాయం, పై నెల నా మాత్రలు. కోడలు సిగ్గుపడి చెప్పదు, గుడ్డలు చూసి మీరే తేల్చండి.” మరీ ఎక్కువైతే మాత్రం ఆగకుండా తీసుకురమ్మన్నారు.

మా నాయనమ్మ ముట్టు గుడ్డలు ముట్టుకోవడమా? ముట్టుకుంది. పెరట్లో కూర్చుని తనే ఉతికి, తలస్నానం చేసి లోపలికొచ్చేది. కషాయం నెలలో బకెట్లో నీళ్లు ఎర్రబడుతుంటే ఆవిడ చెయ్యి అలాగే ఆగిపోవడం చూశాను. కోడలు ఇంత నెత్తురు పోగొట్టుకుంటోందని అప్పుడే తెలిసినట్టుంది. మాత్రల నెలలో గుడ్డలూ తగ్గాయి, మరకలూ పలచబడ్డాయి.

ఆవిడకు పంతం ఎక్కువ. తన మందునే గెలిపించుకుంటుందనుకున్నాను.

“నా కషాయం ఆపలేదమ్మా. మీ మాత్రలే ఇవ్వండి” అంది డాక్టరమ్మతో. అని, అమ్మ చెయ్యి పట్టుకుంది. ముట్టు రోజుల్లో ఆవిడ అమ్మను తాకడం నేను చూడటం అదే మొదలు.

ఆపరేషన్ ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కొన్నాళ్లకు తమ్ముడు పుట్టాడు.

ఇప్పుడు నేనూ నాయనమ్మనే. మనవరాలికి నలతగా ఉందంటే చాలు, నా చిట్కా నాలుక చివరికొస్తుంది. అంతలో పెరట్లో ఆగిపోయిన ఆ చెయ్యి గుర్తొస్తుంది. చిట్కా మింగేసి, పిల్ల పక్కన కూర్చుని, “ఎలా ఉందే?” అని ముందు అడుగుతాను.