ఏదో ఇంత

నా పెనిమిటి షుగరుతోనే పోయాడు. నాకూ షుగరుందని తేలాక, అలా పోకూడదని గట్టిగా అనుకుని నర్సీపట్నంలో విశాఖపట్నం బస్సెక్కాను. తిండి సంగతి చెప్పే డాక్టరమ్మను చూడాలి. పక్కసీటు పెద్దామెకు నా సంగతంతా చెప్పాను. ఆమె కూడా ఆవిడ దగ్గరికి వెళ్లొచ్చిందట.

"ఏటడుగుతాదండీ?" అన్నాను.

"నిన్న ఏటి తిన్నావంటాది. ఏటి తిన్నావు?"

"ఏదో ఇంత తిన్నానండి."

ఆమె నవ్వింది. "మొగుడు పోయినోళ్లమంతా అదే సెప్తాం, కడుపునిండా తింటన్నామంటే ఎవులేటనుకుంటారోనని. ఇంతంటే ఎంత సెల్లీ?" అని దోసిలి పట్టి చూపించింది. "సిగ్గుపడకు. బెల్లంముక్కతో సహా సెప్పీ."

డాక్టరమ్మ అడిగినప్పుడు "ఏదో ఇంత" నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసి దోసిలి పట్టాను.

"అన్నం ఇలాటివి మూడండీ. పైన బెల్లం."

ఆవిడ తిట్టలేదు, ఒకటి చాలంది. ఇప్పటికీ కంచం ముందు దోసిలి పట్టి చూసుకునే వడ్డించుకుంటాను.