ఒక్క ఆట చాలదన్న కాక

పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున మస్కట్ దార్సైట్‌లోని మా ఫ్లాట్‌లో ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతుంటే రుస్తాఖ్ సైట్ నుంచి ఫోన్ వచ్చింది. "అన్నా, కాక మనకింక లేడే" అన్నాడు అవతలివాడు, ఏడుస్తూ. ముందురోజు సాయంత్రం డ్యూటీ దిగి రూమ్‌కి వచ్చి, ఎడమ చెయ్యి గుంజుతోందని మంచం మీద కూర్చున్నాడట. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది. నలభై ఏడేళ్ళ మనిషి.

పద్ధతి ప్రకారం నేను ముందు కంపెనీ మేనేజరుకు చెప్పాలి. చెప్పలేదు. ముందు ఐర్లండ్ మాస్టారికి ఫోన్ చేశాను. ఆయన మస్కట్‌లో ఒక బడిలో పాఠాలు చెబుతాడు, వాళ్ళ దేశపు ఆటల జట్టుకి కెప్టెన్. ఎప్పుడు, ఎక్కడ అని అడిగాడు. తర్వాత, "రెండు జట్లకీ నేను చెబుతాను" అన్నాడు.

రెండు జట్లేమిటి, అందులో మన కాక ఎవరు అని మీరు అడుగుతారు. అది చెప్పడానికే కూర్చున్నాను. మా కంపెనీలో కాగితాలు చూసే గుమాస్తాను నేను. కాక పోయాక ఆయన పేరు మీద ఎన్ని ఫారాలు నింపానో, వృత్తి అన్న చోట అన్నిటిలోనూ 'హెల్పర్' అనే రాశాను. వీసాలో ఏముంటే అదే రాయాలి, నా ఇష్టం కాదు. ఇక్కడ మాత్రం నా ఇష్టం. కాక ఆటగాడు. కాదన్నవాళ్ళ మాట వినే ఓపిక నాకిప్పుడు లేదు.

ఆయనేమీ నాకు చుట్టం కాదు. ఆయనది జగిత్యాల వైపు పల్లె, నాది గోదావరి జిల్లా. పనివాళ్ళుండే క్యాంపులో అందరూ కాక అంటుంటే నాకూ కాకే అయ్యాడు. నన్ను మాత్రం పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు. "ఏం గోదారి సారూ, మీ దిక్కు అన్నం తింటరా, పూతరేకులే తింటరా?" అని ఆటపట్టించేవాడు. టీ తాగితే గ్లాసు కడిగి బోర్లించందే లేచేవాడు కాదు. ఎవరి గ్లాసైనా సరే, మేనేజరుది తప్ప. "ఆయనకు చేతులు లెవ్వా?" అనేవాడు.

పొద్దున సైట్‌లో ఇటుకలు మోసేవాడు. మధ్యాహ్నం భోజనం చేసి కాసేపు నడుం వాల్చాక, మా కంపెనీ చూసుకునే ఒక ఆట మైదానానికి వెళ్ళి గడ్డికి నీళ్ళు పెట్టేవాడు, సున్నంతో గీతలు గీసేవాడు. శుక్రవారం ఆయనకి సెలవు. ఆ రోజే ఐర్లండ్ వాళ్ళు, టీచర్లూ నర్సులూ ఇంజనీర్లూ, అక్కడికొచ్చి ఆడుకునేవారు. గీసిన గీతలు ఎవరు తొక్కుతున్నారో చూసుకోవడానికన్నట్టు కాక సెలవు రోజు కూడా వెళ్ళి గేటు దగ్గర కూర్చునేవాడు.

వాళ్ళకి సొంత ఆటలు రెండున్నాయి. ఒకటి పెద్ద బంతితో ఆడతారు. చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు, పిడికిలితో గుద్ది పక్కవాడికి అందించవచ్చు. రెండోది కర్రతో. కర్ర చివర వెడల్పుగా ఉంటుంది, బంతి పిడికిట్లో పట్టేంత, గట్టి తోలుది. కాక వీటికి పెద్దచెండు, చిన్నచెండు అని పేర్లు పెట్టాడు. చివరికి ఆ మైదానంలో అవే పేర్లు ఖాయమైపోయాయి. ఐర్లండ్ నర్సమ్మలు కూడా "చిన్నచెండు టుడే?" అని అడిగేవారు.

ఒకరోజు పెద్దచెండుకి ఒక మనిషి తక్కువయ్యాడు. మాస్టారు గేటు దగ్గరికొచ్చి సైగ చేశాడు. కాక చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు. ఊళ్ళో ఉన్నప్పుడు వాలీబాల్ ఆడినవాడు, నెట్ దగ్గర ఎగరడం అలవాటు. ఇద్దరు పొడుగాటి వాళ్ళ మధ్యన ఎగిరి బంతి అందుకున్నాడట. మరుసటి వారం ఎవరూ తక్కువ కాలేదు, అయినా మాస్టారు గేటు దగ్గరికి వచ్చాడు.

చిన్నచెండు కథ వేరే. కింద పడున్న బంతిని కర్ర కొసతో లేపి, గాల్లో ఉండగానే కొట్టడం నేర్చుకోవడానికి కొత్తవాళ్ళకి నెలలు పడుతుంది. కాక మొదటిరోజే కొట్టాడు. చిన్నప్పుడు చిర్రగోనె ఆడినవాడికి అది కొత్తేముంది? మేము బిళ్ళంగోడు అంటాం, వాళ్ళు చిర్రగోనె అంటారు. అయితే ఆ రోజు తలకి దెబ్బ తగలకుండా టోపీ కావాలన్నారని సైట్ నుంచి పచ్చ హెల్మెట్ పెట్టుకెళ్ళాడు. నేను చూడటానికి వెళ్ళింది ఆ రోజే. పొట్ట పట్టుకుని నవ్వాను.

అంతకన్నా పెద్ద తమాషా తర్వాత జరిగింది. ఎదుటివాడు కొట్టిన బంతి ఎత్తుగా వస్తే కాక ఒంటిచేత్తో అందుకున్నాడు. అందుకుని, "ఔట్!" అని గట్టిగా అరిచి, బంతి కింద పెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఇక కొట్టే వంతు తనదని. చిర్రగోనెలో గాల్లోది పట్టుకుంటే కొట్టినవాడు ఔటే కదా మరి. వీళ్ళేమో ఆ బంతి తీసుకెళ్ళి గోలు వేసేశారు. కాక నిర్ఘాంతపోయాడు. "ఏయ్, అన్యాయం! పట్టిన గద!" అని వాళ్ళ వెంట పరిగెత్తాడు. మాస్టారికి నేను సంగతి వివరిస్తే ఆయన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, మా ఆటలో పట్టుకున్నాకే అసలు పని మొదలవుతుందని చెప్పమన్నాడు. చెప్పాను. కాక హెల్మెట్ తీసి నెత్తి గోక్కున్నాడు.

"మన దాంట్ల పడితే ఆట అయిపోతది, వీళ్ళ దాంట్ల పడితేనే మొదలైతది. గిదే మంచిగున్నది" అన్నాడు.

అలా మూడేళ్ళు రెండూ ఆడాడు. ఆటకి ఒక జెర్సీ, గోడకి రెండు మేకులు. ఆయన మంచం మీద గోడకి అవి తప్ప వేరే అలంకారం లేదు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం "శుక్రవారం కొంచెం చెండాట ఆడుత" అని ఊరుకునేవాడు.

మా మేనేజరుకి ఇది గిట్టలేదు. గ్రౌండు పనివాడు గ్రౌండులో ఆడటమేమిటి, చూసేవాళ్ళు ఏమనుకుంటారు అని పట్టుకున్నాడు. నాచేత ఒక కాగితం టైపు చేయించాడు. ఇకమీదట మైదానంలోకి పని కోసం తప్ప అడుగు పెట్టను అని దాని సారాంశం. టైపు చేసింది నేనే, దాచిపెట్టను. సంతకం కోసం పట్టుకెళ్ళిందీ నేనే. కాకకి ఇంగ్లీషు రాదు. నేను చదివి చెప్పాను. వింటూ వింటూ తన పాటికి తాను చెప్పులకి అంటుకున్న సున్నం గోకుతున్నాడు.

"సారూ, శుక్రవారం నాకు ఛుట్టీయా, కాదా?"

"ఛుట్టీయే కాక."

"మరి నా ఛుట్టీ నాడు నేనేం జెయ్యాల్నో గీ కాయితం ఎట్ల జెప్తది? శనివారం నుంచి గురువారం దాక కంపెనీ మనిషిని. శుక్రవారం నా మనిషిని నేను. తీస్కపో."

సంతకం లేని కాగితం పట్టుకుని తిరిగొచ్చాను. సిగ్గుపడ్డాను అని ఇప్పుడు రాయడం తేలిక. ఆ రోజు భయపడ్డాను, అంతే. పది రోజుల్లో కాకని రుస్తాఖ్ సైట్‌కి మార్చేశారు. అక్కడినుంచి మస్కట్ రావాలంటే రెండు గంటల దారి, ఇక ఆట దానంతటదే ఆగిపోతుందని మేనేజరు లెక్క. మొదటి శుక్రవారం సాయంత్రం నాలుగింటికి కాక కూరగాయల పికప్‌లో, టమాటా పెట్టెల మధ్య కూర్చుని మైదానం దగ్గర దిగాడు. ఆ తర్వాత ఒక్క శుక్రవారం తప్పలేదు. ఎండల్లో కూడా.

నిరుడు చలికాలంలో గల్ఫ్ దేశాల జట్లన్నీ మస్కట్ వచ్చాయి, పోటీలకి. మొదటి గొడవ, బయటి జట్టువాడొకడు ఈయన మీ గ్రౌండు పనివాడు కదా, ఆటగాడెలా అవుతాడని అడ్డం తిరిగాడు. మాస్టారు సభ్యత్వం కార్డు తీసి బల్ల మీద కొట్టాడు. రెండో గొడవ సొంతవాళ్ళతోనే. పెద్దచెండు ఫైనలూ చిన్నచెండు ఫైనలూ ఒకే సాయంత్రం, ఒకదాని వెంట ఒకటి పడ్డాయి. మాస్టారు కాకని పక్కకి పిలిచి నన్ను చెప్పమన్నాడు: వయసు నలభై ఆరు, రెండూ ఆడితే గుండె తట్టుకోదు, ఒకటి ఎంచుకోమను.

కాక కోపం నేను చూసింది ఆ ఒక్కసారే.

"పొద్దుగాల ఇటుకలు మోసిన. పగటీలి గడ్డికి నీళ్ళు పెట్టిన. అప్పుడు ఒక్కడన్న వచ్చి, కాకా ఒక్క పనే జెయ్యి, పానం ఆగది అన్నడా? పనికాడ రెండు జేయించినోళ్ళు ఆటకాడ ఒకటే అంటరేంది? చెప్పు సారూ, ఉన్నదున్నట్టు చెప్పు."

ఉన్నదున్నట్టే చెప్పాను. మాస్టారు తల దించుకున్నాడు. తర్వాత తన సంగతి చెప్పుకొచ్చాడు. వాళ్ళ జిల్లాకి ఆయనా రెండు ఆటలూ ఆడేవాడట. ఇరవయ్యో ఏట కోచ్‌లు ఇద్దరూ కూర్చోబెట్టి ఏదో ఒకటి ఎంచుకోమన్నారట. ఇప్పుడు అక్కడ రెండూ ఆడేవాళ్ళు దొరకడమే కష్టమట. ఆయన కర్ర వదిలేశాడు. "ఆ రోజు ఈయన మాట నాకు తట్టలేదు" అన్నాడు. రెండు పట్టీల్లోనూ కాక పేరు రాశాడు.

గెలిచారా అంటారా? లేదు. పెద్దచెండులో ఒక్క పాయింటుతో ఓడారు. చిన్నచెండులో చిత్తుగా ఓడారు. రెండో ఆటలో కాక ఊపిరి తీసుకోవడానికి రెండుసార్లు వంగి మోకాళ్ళు పట్టుకోవడం చూసి, ఇక చాలని అరిచాను కూడా. విన్నాడో లేదో. ఆ తర్వాత దాదాపు సగం మైదానం అవతలనుంచి ఒకటి కొట్టాడు, బంతి రెండు స్తంభాల మధ్య, అడ్డకర్ర మీదుగా వెళ్ళింది, వాళ్ళ లెక్కలో అదీ ఒక పాయింటే. అయ్యాక నేను నీళ్ళ సీసా ఇచ్చి ఓదార్చబోతే నవ్వాడు.

"ఒక్కటే ఆడితే ఒక్కటే ఓడేటోన్ని గద" అన్నాడు.

ఆ పరుగులే ఆయన ప్రాణం తీశాయని మేనేజరు ఇప్పుడు అందరితో అంటున్నాడు. అనుకోనీండి. వారంలో ఆరు రోజులు ఆయన నెత్తిన మోసినదాని గురించి మాత్రం ఆ నోట ఒక్క ముక్క రాదు. నాకు ఎవరి మీద ఎంత కోపం ఉందో తూచి చెప్పలేను, నా మీదే కొంత ఉంది.

కాగితాలన్నీ అయ్యి కాక శవపెట్టె ఊరికి చేరడానికి తొమ్మిది రోజులు పట్టింది. పెద్దకర్మకి ముందు కాక బామ్మర్ది ఫోన్ చేశాడు. ఊరి బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కడతారు కదా, మంచి ఫొటో ఉంటే పంపమన్నాడు. ఇంట్లో ఉన్నది ఒక్కటే, స్టూడియోలో కంప్యూటరు మీద కోటూ టై తగిలించినది. ఆ కోటు కాక ఒంటి మీద ఎన్నడూ లేదు. కాక ఫోనులో వెతికితే ఫొటోలన్నీ మైదానంలోవే. ఒకటి పంపాను. నిక్కరు, జెర్సీ, ఒక చేతిలో కర్ర, రెండో చంకలో పెద్ద బంతి, మోకాలి మీద సున్నం, ముఖం నిండా నవ్వు.

బామ్మర్ది వెంటనే మళ్ళీ ఫోన్ చేశాడు. "గిదేంది సారూ, సచ్చినోన్ని నిక్కరు మీద పెడ్తరా? పదిమంది నవ్వుతరు. కోటుదే పెట్టిస్త."

వెనకనుంచి చిన్నమ్మ గొంతు వినిపించింది. కాక భార్యని నేను అలాగే పిలుస్తాను. ఫోను తమ్ముడి చేతిలోంచి లాక్కుంది.

"గీ ఫొటో ఎన్నడు తీసిండ్రు బిడ్డా?"

చెప్పాను. పికప్‌లో రావడం, కాగితం, ఒకే సాయంత్రం రెండు ఆటలు, అన్నీ చెప్పాను. ఆఖరికి తమ్ముడితో అన్నది నాకూ వినిపించింది.

"పద్దెనిమిదేండ్ల సంది గాయిన మస్కట్ల కూలిజేస్తుండని అందరికి నేనే చెప్పుకున్న. గిట్ల నవ్వుతడని నాకే తెల్వకపాయె. కోటు ఎవనిదో ఆనికే ఇయ్యి. గిదే పెట్టు. నవ్వెటోళ్ళు నా ముంగటికొచ్చి నవ్వుండ్రి."

నిన్న బామ్మర్ది ఒక వీడియో పంపాడు. బస్టాండు, చాయ్ హోటలు పక్కన రెండు వెదురు గడలకి కట్టిన ఫ్లెక్సీ. గాలికి ఉబ్బుతూ ఉంది. దాని కింద చిన్నమ్మ నిలబడి ఉంది. భర్త పోయినావిడ నెల దాటందే బయటికి రాకూడదన్న పెద్దల మాట ఆమె వినలేదని అర్థమైంది. ఆర్టీసీ బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయట పెట్టి పైకి చూశాడు.

"ఎవలమ్మా గాయిన? ఏం ఆట ఆడుతుండె?"

చిన్నమ్మ కొంగు సర్దుకుని, ఇంజను చప్పుడు మీదుగా వినబడేలా గట్టిగా చెప్పింది.

"నా పెనిమిటి. రెండాటలు ఆడెటోడు."