మూలన వాన

స్టూడియోలో ఫొటోలు దిద్దే అతను, తీరిక దొరికితే కంప్యూటర్‌ను నడిపే సిస్టమ్‌లో కంపెనీ ఇంకా తేని వెర్షన్ ఎలా ఉండాలో ఊహించి దాని తెరలు గీస్తాడు, ఇంటర్నెట్‌లో పెడతాడు. గడుల అంచులు గుండ్రంగా తిప్పేటప్పుడు కింది పెదవి పంటితో నొక్కిపట్టుకుంటాడు. ఏ తెరలోనైనా కుడి మూలన, వాతావరణం చూపే గడిలో, వాన కురుస్తూనే ఉంటుంది. అదే అతని సంతకం. ఆ మధ్యాహ్నం అక్క తన ఇంట్లో కంప్యూటర్ దగ్గరికి పిలిచింది. "నీ పిచ్చి కంపెనీవాళ్లకీ అంటుకున్నట్టుందిరా. కొత్త వెర్షనని మెయిలొస్తే ఎక్కించా. అచ్చం నీ బొమ్మే."

అతను తొంగిచూశాడు. కిటికీ బయట ఎండ మండుతోంది, తెర మూలన వాన పడుతోంది. మధ్యలో బ్యాంకు పాస్‌వర్డ్ అడిగే గడి. దాన్ని అతనెన్నడూ గీయలేదు. అతని బొమ్మనే ముసుగుగా వేసుకుని ఎవడో దొంగ అక్క ఇంట్లో దూరాడు.

"ఇందులో ఏం కొట్టలేదు కదక్కా?"

"పాస్‌వర్డ్ రెండుసార్లు కొట్టా, తప్పంటోంది. నువ్వు గీసిందేగా, ఎలా తెరవాలో నువ్వే చెప్పు."